నేరం ముసలి బోటుదేనట

మర్డో స్ట్రాంగ్ నడుపుతున్న బోటు, నది ఇరుకయ్యే సన్నగొంతు దగ్గర బండకి కొట్టుకుని ఆ ఆదివారానికి ఎనిమిది రోజులు. బోటులో ఉన్న అయిదుగురిలో నలుగురు తడిబట్టలతో ఒడ్డెక్కారు. అయిదో మనిషి ఎఫీ. నలభై ఏళ్ళు ఈ లోయలో నర్సుగా తిరిగి మా అందరికీ కట్లు కట్టిన ఎఫీ ఇప్పుడు తుంటి విరిగి పట్నం ఆసుపత్రిలో పడుకుని ఉంది. మర్డో మాత్రం చొక్కా మార్చుకుని, మర్నాటి నుంచే ఊరంతా తిరుగుతూ ఒకే మాట చెబుతున్నాడు. బోటు ముసలిదైపోయిందట. ముసలి బోట్లని నమ్మకూడదట. అక్కడిదాకా ఊరందరికీ తెలుసు.

ఆ మాటని అతను తీర్మానంగా రాయించి మా జెట్ బోట్ల క్లబ్బు ముందుకి తెచ్చాడన్న సంగతి ఇంకా చెప్పలేదు.

తీర్మానం చిన్నదే. ముప్ఫై ఏళ్ళు దాటిన జెట్ బోటు ఏదీ ఇకమీదట వైకోవా నదిలో క్లబ్బు జెండాతో తిరగకూడదు, మనుషుల్ని ఎక్కించుకోకూడదు. క్లబ్బు కార్యదర్శిని కాబట్టి దాన్ని నేనే టైపు చేశాను. "విన్నీ, తప్పుల్లేకుండా కొట్టు," అంటూ మర్డో నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. మా క్లబ్బులో ముప్ఫై ఒక్క బోట్లున్నాయి. అందులో ఇరవై రెండు ముప్ఫై దాటినవే. నాదానికి నలభై ఆరు. ఆ ఇరవై రెంటిలో దాదాపు అన్నిటినీ నడిపిస్తున్నది ఒకే ఒక్క మెకానిక్ చెయ్యి, రావినియాది. తీర్మానం గెలిస్తే నది అవతలి ఒడ్డున ఆమె షెడ్డుకి తాళం పడినట్టే. ఆ సంగతి మర్డోకి తెలియక కాదు. కానీ అతనికి కొత్త బోటు ఆర్డరులో ఉంది. దాని రంగుల పుస్తకం చొక్కా జేబులో పెట్టుకుని, కొత్తగా మనవడు పుట్టినవాడు ఫొటో చూపించినట్టు కనబడ్డ ప్రతివాడికీ చూపిస్తున్నాడు.

మర్డో అంటే నాకు మొదటి నుంచీ గౌరవం లేదు. దాచుకోవడం ఎందుకు. ప్రతి శనివారం తన బోటు 'తోరియా'ని ఇంటి ముందు నిలబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. పేరుకి బంగారు రంగు అక్షరాలు, సీట్లకి ఎర్ర తోలు. దారిన పోయేవాళ్ళు ఆగి చూడాలి. ఇంజను మీద మూత ఎత్తి లోపల ఏం జరుగుతోందో చూడటానికి మాత్రం మోకాలు వంచిన పాపాన పోలేదు. అలాంటి మగవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళకి బోటంటే ఒడ్డున నిలబడ్డవాళ్ళకి కనిపించేంత వరకే.

ఉదయం ఎనిమిదింటికే పొగమంచు విడిచింది. పదింటికి క్లబ్బు షెడ్డులో పాతికమంది చేరారు. చీజు రోల్సు పళ్ళెం ఒక చివరి నుంచి రెండో చివరికి వెళ్ళేలోపే ఖాళీ అయింది. షెడ్డు మధ్యలో ట్రైలరు మీద తోరియా, ముక్కు లోపలికి నొక్కుకుపోయి, నీలం పట్టా కప్పుకుని ఉంది. అధ్యక్షుడు ఫర్గస్ మెక్‌నీ బల్ల వెనక కూర్చున్నాడు. ఆయన మూడు వందల ఆవుల్ని అదలించగలడు గానీ మనుషులు గొంతు పెంచితే భయపడతాడు. మాట్లాడమన్నట్టు మర్డోకి తల ఊపాడు.

"అల్యూమినియానికి కూడా ఆయుష్షు ఉంటుంది," అన్నాడు మర్డో. "మనిషికి ఉన్నట్టే. ఇందులో ఎవరి తప్పూ లేదు. నా తప్పు లేదు, తయారుచేసినాయన తప్పు అంతకన్నా లేదు. రావినియా వాళ్ళ నాన్న తన కాలంలో గొప్ప పనివాడే. నేను కాదనను. కానీ ఆ కాలం అయిపోయింది. యాభై ఏళ్ళ బోటు యాభై ఏళ్ళ బోటే. ఎఫీకి జరిగింది రేపు మీ ఇంట్లోవాళ్ళకి జరగకూడదనే నా బాధ."

చివరి మాట దగ్గర గొంతు కొంచెం వణికించాడు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండింది.

"నీకెన్నేళ్ళు మర్డో?" తలుపు దగ్గర నుంచి ఎవరో అడిగారు.

అందరం తిరిగి చూశాం. రావినియా. నూనె మరకల ఓవరాల్, కాళ్ళకి గమ్ బూట్లు, చేతిలో పనిముట్ల పెట్టె. వెనకాల ఆమె తమ్ముడు తామతి ఇంకో పెట్టె మోసుకొస్తున్నాడు. షెడ్డులో అక్క దగ్గరే పనిచేస్తాడు. నలభై దాటినా అక్క ముందు పెదవి విప్పని మనిషి.

"అరవై రెండు. ఎందుకు?" అన్నాడు మర్డో.

"తోరియాకి యాభై. దానికంటే నువ్వే పాతవాడివి. మరి నిన్నెందుకు నీళ్ళలోకి రానిస్తున్నాం?"

నవ్వులు లేచాయి. మర్డో కూడా నవ్వాడు, మిగతావాళ్ళ కంటే కాస్త ఎక్కువసేపు.

"జోకులు బావున్నాయమ్మా. మీ నాన్న చేసిన బోటు కదా, నీకు బాధగా ఉంటుంది. నాకు తెలుసు."

"నాకేం బాధ లేదు. విప్పి చూద్దామని వచ్చా. ముసలితనం వల్ల పోయిందా, ఇంకెందుకైనా పోయిందా, విప్పితే అదే చెప్తుంది."

"నా బోటుని నా అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోరు."

ఫర్గస్ గొంతు సవరించుకున్నాడు. "తీర్మానం తెచ్చింది నువ్వే కదా మర్డో. బోటు ముసలిదై ఆగిపోయిందంటున్నావ్. ఆ ముసలితనం ఏదో మేమూ చూస్తాం. పోయేదేముంది?"

పాతికమంది అతని వైపే చూస్తున్నారు. మర్డో భుజాలు ఎగరేసి, "కానివ్వండి," అని కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు.

రావినియా పట్టా లాగేసింది. ముందు బోటు కింద పడుకుని, పొట్ట భాగంలో నీళ్ళు లోపలికి వెళ్ళే చోట ఉన్న జాలీ మీదికి టార్చి వేసింది. అక్కడ మూడు ఊచలు విరిగి ఉన్నాయి. విరిగిన చోట తెల్లగా పొడి పట్టి ఉంది.

"ఇది ఎనిమిది రోజుల కిందట విరిగింది కాదు," అంది అక్కడి నుంచే. "కొత్తగా విరిగితే మెరుస్తుంది. ఇది విరిగి ఏడాదైనా అయ్యుంటుంది. ఏడాదిగా ఈ సందులోంచి నదిలో రాళ్ళన్నీ లోపలికి పోతున్నాయి."

"నదిలో రాళ్ళుంటాయి మరి," అన్నాడు మర్డో. "రాళ్ళు కూడా నేనే వేశానా?"

ఆమె వెనక్కి వెళ్ళి, నీళ్ళు చిమ్మే మూతి ఊడదీసింది. తామతి స్పానర్లు అందిస్తున్నాడు. మూతి రాగానే లోపల రెక్కల చక్రం కనబడింది. అంచులన్నీ ఎలుకలు కొరికిన రొట్టెలా ఉన్నాయి. పంపు రింగుకీ రెక్కకీ మధ్య గోరు మందం సందు ఉండాలి. ఒక పక్క రావినియా చిటికెన వేలు దూరిపోయింది. రెండో పక్క రెక్క రింగులోకి దిగబడి, ఆ చోటంతా వేడికి నీలంగా మారి ఉంది.

"రండి, చూడండి," అంది. ఒక్కొక్కరే వంగి చూశారు. నేను చూశాను. మర్డో చూడలేదు.

"జెట్ బోటుకి చుక్కాని ఉండదు," అంది రావినియా, అతని వైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా. "వెనక చిమ్మే నీళ్ళే దానికి చుక్కాని. ఈ చక్రం ఆగితే నీ చేతిలో స్టీరింగు బొమ్మ స్టీరింగే. ఈ సంగతి నీకెవరైనా చెప్పారా? లేకపోతే ఇరవై ఏళ్ళుగా ఎర్ర తోలు సీటు మీద ఊరికే కూర్చున్నావా?"

"నాకు బోటు నడపడం నేర్పక్కర్లేదు."

"నడపడం గురించి కాదు. చూసుకోవడం గురించి అడుగుతున్నా. ఈ రెక్కలకి సాన పెట్టించి ఎన్నాళ్ళయింది?"

"అవన్నీ చూసుకునే మనుషులున్నారు నాకు."

"ఎవరు వాళ్ళు? నా షెడ్డుకి నీ బోటు వచ్చి ఆరేళ్ళయింది."

"నదికి ఒకే మెకానిక్ ఉండాలని రాసుందా ఎక్కడైనా? నవంబరులో కొత్త బేరింగు వేయించా. మొన్న మొన్ననే. పది గంటలు నడిస్తే ఒకసారి గ్రీజు పట్టిస్తున్నా. ఇంతకంటే ఎవడైనా ఏం చేస్తాడు? పుస్తకంలో ఉన్నట్టే చేశా. అయినా పోయింది. దాన్నే ముసలితనం అంటారు."

రావినియా బోటులోకి ఎక్కింది. వెనక సీటు ఎత్తి, పంపు షాఫ్టు లోపలికి వచ్చే చోట మోకాళ్ళ మీద కూర్చుంది. బోటుని ముందుకి తోసే బలమంతా అక్కడి ఒక్క బేరింగు మీదే పడుతుంది. దానికి గ్రీజు ఎక్కించడానికి వేరుశెనగ గింజంత ఇత్తడి నిపుల్ ఉంటుంది. ఆమె దాని మీదికి టార్చి వేసింది. తర్వాత నన్ను పిలిచింది.

"విన్నీ, నువ్వు రాసుకునేదానివి కదా. వచ్చి ఏముందో చూసి పైకి చెప్పు. నేను చెప్తే తమ్ముడూ అక్కా కలిసి నాటకం ఆడారంటాడు."

ఎక్కి చూశాను. తోరియాకి నాలుగేళ్ళ కిందట మర్డో లోపలంతా బూడిద రంగు కొట్టించాడు. ఆ రంగు బేరింగు డబ్బా మీద ఉంది. డబ్బా మీది నిపుల్ పైన కూడా ఉంది. చుట్టూ, పైనా, రంధ్రం మీదా. గుడ్డు పెంకులా ఎక్కడా పగలకుండా, నున్నగా.

"నిపుల్ మీద రంగు ఉంది," అన్నాను. "ఎక్కడా చెదరలేదు."

అక్కడున్న ప్రతివాడికీ గ్రీజు గన్ను పట్టిన అలవాటే. గన్ను మూతి ఒక్కసారి తగిలినా ఆ రంగు లేచిపోతుంది. నాలుగేళ్ళుగా ఆ రంధ్రంలోకి ఒక్క చుక్క గ్రీజు వెళ్ళలేదు.

"పది గంటలకోసారి పట్టించావు," అంది రావినియా. "ఎక్కడ పట్టించావు మర్డో? జుట్టుకా?"

ఈసారి నవ్వులు పెద్దగా లేచాయి. నేనూ నవ్వాను. నవ్వుతూనే నిన్నటి నుంచీ కడుపులో పెట్టుకున్న మాట బయటపెట్టేశాను.

"ఎఫీతో నిన్న ఫోన్లో మాట్లాడా. సన్నగొంతుకి రెండు మైళ్ళ ముందు నుంచే అడుగున ఏదో నూరుతున్నట్టు చప్పుడొచ్చిందట. నీకు చెప్పిందట. నువ్వేం చేశావో చెప్పమంటావా, నువ్వే చెప్తావా?"

మర్డో ముఖం ఎర్రబడింది.

"రేడియో చప్పుడు పెంచాడు," అన్నాను అందరితో. "ఎఫీ రెండోసారి చెప్తే, ముసలి బోట్లు గొణుగుతూనే ఉంటాయి, ముసలమ్మల్లాగే అన్నాడట."

కళ్ళు తుడుచుకున్నావిడ తలెత్తి మర్డోని చూసింది. ఆ చూపులో ఇప్పుడు తడి లేదు.

ఫర్గస్ తీర్మానం కాగితాన్ని రెండుగా మడిచాడు. "ఇక ఇది చదవాల్సిన పనుందా మర్డో?"

అక్కడితో ఆగిపోయుంటే, ఆ రోజు మా అందరికీ మంచి రోజుగానే మిగిలేది. కానీ రావినియా ఇంకా లేవలేదు. బేరింగు డబ్బా బోల్టుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతోంది.

"వీటి మీద మాత్రం రంగు పగిలింది," అంది తనలో తను అనుకుంటున్నట్టు. "ఎవరో విప్పారు. నవంబరులో బేరింగు మార్చిన మాట నిజమే."

"చెప్పా కదా," అన్నాడు మర్డో.

"అయితే అయిదు నెలలకే ఎందుకు పోయింది? గ్రీజు లేకపోయినా కొత్తది రెండు సీజన్లు మూలుగుతూ నడుస్తుంది. స్పానరు ఇవ్వు తామతీ."

తామతి ఇవ్వలేదు. బోటు అంచు పట్టుకుని వంగి, నెమ్మదిగా అన్నాడు. "చాలక్కా. నిపుల్ చూపించావ్ కదా. అందరూ చూశారు. తీర్మానం పోయింది. ఇంక విప్పడం ఎందుకు, మన షెడ్డుకి తీసుకెళ్ళి తీరిగ్గా చూద్దాం."

"సగం విప్పి వదిలేస్తే రేపు వీడు మళ్ళీ నాన్న పేరెత్తుతాడు. ఇవ్వు."

"అక్కా."

ఆమె చెయ్యి చాపి తనే తీసుకుంది. అతనెందుకు అడ్డం పడుతున్నాడో నాకు తట్టలేదు. గొడవంటే పడని మనిషి, అంతే అనుకున్నాను. మర్డో ముఖం మాత్రం మారింది. మొదటిసారి లేచొచ్చి బోటు పక్కన నిలబడ్డాడు. ఇందాక కాలు మీద కాలు వేసుకున్నప్పుడున్న ధీమా మళ్ళీ ముఖంలోకి వచ్చింది.

"విప్పనీ తామతీ," అన్నాడు. "మీ అక్కకి అంత సరదాగా ఉంటే విప్పుకోనీ."

పావుగంట పట్టింది. షాఫ్టు లాగి, డబ్బా తెరిచి, బేరింగుని రెండు చేతుల్తో బయటికి తీసింది. గోళీలు రెండు పగిలిపోయాయి. కాలిన గ్రీజు తారులా అంటుకుని ఉంది. కిరోసిన్ గుడ్డతో బయటి చుట్టు తుడిచింది. ఒకసారి తుడిచి ఆగింది. మళ్ళీ తుడిచింది.

నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. ఉక్కు మీద చిన్న గాటు గుర్తు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. రావినియా షెడ్డుకి వెళ్ళే ప్రతివాళ్ళకీ ఆ గుర్తు తెలుసు. అరిగి పనికిరాదని తేల్చిన ప్రతి బేరింగు మీదా ఆమె సూదిమొన గీతతో ఆ గుర్తు పెట్టి, తలుపు వెనక ఇనప పీపాలో పడేస్తుంది. ఎవరూ పొరపాటున కూడా మళ్ళీ వాడకూడదని.

ఆమె దాన్ని గుడ్డలో చుట్టేసి ఉండొచ్చు. ఎదురుగా మర్డో తప్ప ఇంకెవరూ అంత దగ్గరగా లేరు. నేను నోరు విప్పేదాన్ని కాదు. అది ఆమెకీ తెలుసు. ఆమె చేతుల్లోకే చూస్తూ ఉండిపోయాను.

రావినియా లేచి నిలబడి, బేరింగుని అందరికీ కనబడేలా పైకెత్తింది.

"ఇది కొత్తది కాదు," అంది. గొంతులో ఇందాకటి ఎగతాళి లేదు. "నేను పారేసింది. ఈ గుర్తు నాది."

మర్డో చేతులు కట్టుకున్నాడు.

"కొత్తది అని చెప్పి వేశారు నాకు," అన్నాడు. "అక్కకి చెప్పొద్దు, మీరు తన దగ్గరికి రావట్లేదని కోపంగా ఉంది అన్నారు. నేను నోరు మూసుకున్నా. ఇంతసేపూ నన్ను వెధవని చేశావు కదా రావినియా, నిపుల్ చూపించి, జుట్టుకా అని ఎగతాళి చేసి. ఇప్పుడు అడుగు. ఎవరు వేశారో అడుగు."

"నువ్వు నోరు మూసుకో," అందామె, అతని వైపు చూడకుండానే. "గ్రీజు పెట్టుంటే ఈ చెత్తది కూడా ఎఫీని ఇంటికి చేర్చేది. నీ పాపం నీ దగ్గరే ఉంటుంది. ఎక్కడికీ పోదు."

తర్వాత బోటు దిగింది. తామతి ఎదురుగా నిలబడింది. అతను ఆమె కంటే జానెడు పొడవు. ఆ నిమిషంలో అలా అనిపించలేదు.

"ఎందుకురా?"

"కొత్తవి ఓడలో వచ్చేసరికి రెండు నెలలన్నారు," అన్నాడు తామతి. "సీజను మొదలైపోయింది. పీపాలో ఇవి మరీ అంత పాడైనట్టు అనిపించలేదు. అందాకా నడుస్తాయనుకున్నా. తర్వాత మార్చేద్దామనుకున్నా."

"కొత్తవి వచ్చాయా?"

"జనవరిలోనే వచ్చాయి. నా మంచం కింద ఉన్నాయి. మార్చాలంటే ఆ బోట్లు మళ్ళీ విప్పాలి, ఎందుకని వాళ్ళు నిన్నే అడుగుతారు. నీకు తెలిసిపోతుందని."

ఫర్గస్ కుర్చీలోంచి సగం లేచాడు. ఆయన అన్నీ నెమ్మదిగా అర్థం చేసుకునే మనిషి. కానీ ఆ ఒక్క మాట మా అందరికంటే ముందు ఆయనకే తగిలింది.

"బోట్లు అన్నావేంటి?" అని అడిగాడు.

తామతి అక్క వైపే చూశాడు. "ఒకటి కాదక్కా. మూడు."

"మిగతా రెండూ ఎవరివి?"

"ఒకటి విన్నీది."

ఈ సీజనంతా ఆ బోటులోనే నేను సన్నగొంతు దాటి వెళ్ళొస్తున్నాను. పోయిన ఆదివారం నా బోటు అడుగున కూడా ఏదో చప్పుడొచ్చింది. రాయి అనుకున్నాను. మర్డోని చూసి నవ్వడం తెలిసిన నేను మూత ఎత్తి చూడలేదు.

"ఇంకోటి?" అంది రావినియా.

తామతి బల్ల వైపు చూశాడు. బల్ల వెనక ఫర్గస్ అప్పటికే పూర్తిగా లేచి నిలబడ్డాడు. ఆయన బోటుకీ ఈ సీజను మొదట్లో బేరింగు వేసింది తామతే, ఎవరూ చెప్పకుండానే ఆయనకి తెలిసిపోయింది. మీటింగంటే విసుగని, తొమ్మిదింటికే ఆయన భార్య తన చెల్లెళ్ళిద్దర్నీ ఆ బోటులో ఎక్కించుకుని నది ఎగువకి బయలుదేరింది. సన్నగొంతు దాటాక ఫోను పనిచెయ్యదు.

ఆయన కిటికీ దగ్గరికి నడిచి, అద్దం మీది ఆవిరి అరచేత్తో తుడిచాడు. కింద రేవులో ఆయన ట్రైలరు ఖాళీగా నిలబడి ఉంది.